రివిజన్ రెండో అప్పీలు కాదు: ఒక విమర్శ

అద్దె వివాదంలో రెంట్ కంట్రోలర్ ఆదేశంపై అప్పీలు, ఆ తర్వాత హైకోర్టులో రివిజన్ ఉంటాయని మీకు తెలుసు. ఆంధ్రప్రదేశ్ 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం 22వ సెక్షన్ కింద, ఆ ఆదేశం చట్టబద్ధమా, క్రమబద్ధమా, సముచితమా అని హైకోర్టు చూసేది. ‘సముచితం’ అన్న మాటను పట్టుకొని సాక్ష్యాన్ని మళ్లీ తూచవచ్చా?

ఇతర రాష్ట్రాల్లోని ఇలాంటి చట్టాలపై వచ్చిన హిందుస్తాన్ పెట్రోలియం కేసులో (2014), సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం వీల్లేదని తేల్చింది. ముఖ్యమైన సాక్ష్యాన్ని వదిలేసినా, తప్పుగా చదివినా, నిర్ణయం హేతువిరుద్ధమైనా జోక్యం చేసుకోవచ్చు. వేరే అభిప్రాయానికి వీలుంది అన్న కారణం మాత్రం చాలదు.

ఈ తీర్పు బలం స్పష్టమే. రివిజన్ మరో అప్పీలైతే వ్యాజ్యం తెమలదు. కాని లోపం కూడా గమనించండి. కొడుకు వ్యాపారానికి దుకాణం కావాలని యజమాని చెప్పాడనుకోండి. కింది కోర్టులు నమ్మాయి. హైకోర్టుకు నమ్మకం కుదరకపోయినా, ఆ నిర్ణయానికి తగిన ఆధారం ఉంటే అద్దెదారు ఖాళీ చేయక తప్పదు. శాసనం విడిగా చెప్పిన ‘సముచితం’ చివరకు చట్టబద్ధతలోనే కలిసిపోయినట్లుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: పై ఉదాహరణలో యజమాని కొడుక్కి అప్పటికే వేరే దుకాణం ఉందన్న పత్రాన్ని కింది కోర్టులు పట్టించుకోకపోతే, హైకోర్టు జోక్యం చేసుకోవచ్చా? ఎందుకు?