చాళ్లు, పరిగె, కూలి: బైబిలు భావనలో పంటనిచ్చే దైవం

భూమికి ఫలమిచ్చే శక్తి దేవుని వలన కలుగుతుందన్నది క్రైస్తవ విశ్వాసంలోని మౌలికాంశాలలో ఒకటి. ఆదికాండంలోని సృష్టి వృత్తాంతంలోనూ, 65వ, 104వ కీర్తనలలోనూ, ప్రవక్తల గ్రంథాలలోనూ, లుస్త్ర పట్టణంలో పౌలు చేసిన ప్రసంగంలోనూ ఈ భావం కనిపిస్తుంది. సాహిత్య దృష్టితో చదివేవారు ఈ భాగాలను ప్రకృతి వర్ణనలుగానో, దైవస్తుతిగానో గ్రహించి ఊరుకోవడం కద్దు. అయితే పంట ఎవరి వలన పండుతుందన్న ప్రశ్నతో, పండిన పంటలో ఎవరికి పాలున్నదన్న ప్రశ్న ఈ గ్రంథంలో పెనవేసుకొని ఉంది. మొదటి ప్రశ్న దగ్గరే ఆగే పఠనం ఆ విశ్వాసాన్ని సగమే చదివినట్లవుతుంది.

65వ కీర్తన చివరి అయిదు చరణాలు ఇందుకు మంచి ఉదాహరణ. దేవుడు నేలను దర్శిస్తాడు, తడుపుతాడు, చాళ్లను నీటితో నింపుతాడు, గనిమలను చదును చేస్తాడు, మొలకను ఆశీర్వదిస్తాడు. లోయలు ధాన్యాన్ని వస్త్రంగా కప్పుకొని సంతోషంతో కేకలు వేస్తాయి. క్రియలన్నింటికీ కర్త దేవుడు, లేదా ఆయన తడిపిన నేల. ఇంతటి సేద్య చిత్రంలో సేద్యగాడు లేడు. చాళ్లు ఉన్నాయంటే నాగలి నడిచిందన్నమాట; ఆ నాగలి పట్టిన చేయి మాత్రం కనబడదు. స్తుతిగీతంలో ఇది లోపమని చెప్పలేము. కోతకు ముందు నిలబడి కృతజ్ఞత చెప్పేవాడు తన శ్రమను తానే వెనక్కు జరుపుకొంటాడు. కానీ ఆ శ్రమను వెనక్కు జరిపినవాడు పొలం యజమాని అయినప్పుడు అదే స్తుతికి మరొక అర్థం వస్తుంది.

ఈ అనుమానం బైబిలుకు బయటి నుండి తెచ్చిపెట్టినది కాదనడానికి హోషేయ గ్రంథం సాక్ష్యం. క్రీ.పూ. 8వ శతాబ్దపు ఉత్తర ఇశ్రాయేలు రాజ్యంలో పంటనిచ్చే దైవం ఎవరన్నది తేలని వివాదం. కనానీయుల బయలు మేఘాలకు, వానలకు అధిపతి. సిరియా తీరంలోని రాస్ షమ్రాలో 1929లో మొదలైన తవ్వకాలలో దొరికిన ఉగరిత్ మట్టిపలకలపై అతని కథ ఉంది. బయలు మృత్యుదేవుడైన మోత్ నోట పడినప్పుడు పొలాల చాళ్లు ఎండిపోతాయి. అతడు తిరిగి బ్రతికితే నేలకు జీవం వస్తుంది. ధాన్యం, ద్రాక్షారసం, నూనె ఈ బయలు ఇచ్చినవేనని జనం నమ్ముతుండగా, వాటి దాత ఇశ్రాయేలు దేవుడని హోషేయ వాదిస్తాడు. 2వ అధ్యాయం చివర ఒక గొలుసు వంటి నిర్మాణం ఉంది. దేవుడు ఆకాశానికి, ఆకాశం భూమికి, భూమి ధాన్యానికి, ధాన్యం యెజ్రెయేలుకు మారుపలుకుతాయి.

ఆ చివరి పేరు దగ్గర పాఠకుడు ఆగవలసి ఉంది. హీబ్రూలో యెజ్రెయేలు అంటే ‘దేవుడు విత్తును’ అని అర్థం. అది సారవంతమైన లోయ పేరు, పట్టణం పేరు కూడా. ఆ పట్టణంలోనే నాబోతు అనే వానికి పిత్రార్జితమైన ద్రాక్షతోట ఉండేది. రాజైన అహాబు దానిని కూరతోటకై అడిగాడు. నాబోతు ఇవ్వననగా రాణి యెజెబెలు దొంగ సాక్షులను నిలిపి అతనిని రాళ్లతో కొట్టించి చంపించిందని, పిమ్మట రాజు ఆ తోటను స్వాధీనం చేసుకొనబోయాడని రాజుల మొదటి గ్రంథం 21వ అధ్యాయం చెబుతుంది. తరువాత యెహూ అహాబు వంశాన్ని సంహరించినప్పుడు ఒక శవాన్ని పడవేయించిన చోటు కూడా ఆ నాబోతు పొలమే. హోషేయ తన మొదటి కుమారునికి యెజ్రెయేలు అని పేరు పెట్టడానికి చెప్పిన కారణం అక్కడ చిందిన రక్తం. దైవం విత్తే నేల అనే మాటలోనే ఆక్రమణ, హత్య ఇంకి ఉన్నాయి. ఆదికాండం 4వ అధ్యాయంలో తమ్ముని రక్తాన్ని మ్రింగిన నేల కయీనుకు తన సారమివ్వడం మానుకొంటుంది. వాన లేకపోవడం అక్కడ ప్రసక్తికే రాదు.

ఇక్కడి నేల దేవత కాదు. అయినా జడమూ కాదు. సృష్టి వృత్తాంతంలో దేవుడు మొక్కలను మొలిపించమని భూమినే ఆజ్ఞాపిస్తాడు. ఆదాము అనే పేరు మట్టికి హీబ్రూ పదమైన ‘అదామా’తో ముడిపడి ఉంది. క్రైస్తవం ప్రకృతిలోని దైవత్వాన్ని తొలగించి దానిని మానవుని వినియోగానికి అప్పగించిందని లిన్ వైట్ 1967లో ‘సైన్స్’ పత్రికలో చేసిన వాదం ప్రసిద్ధం. పాశ్చాత్య చరిత్ర విషయంలో ఆ వాదానికి బలం ఉండవచ్చు. లేవీయకాండం 25వ అధ్యాయాన్ని చదివితే మాత్రం అది నిలవడం కష్టం. భూమి దేవునిది గనుక దానిని శాశ్వతంగా అమ్మరాదని, దున్నేవారు ఆయన దగ్గర పరవాసులేనని ఆ అధ్యాయం శాసిస్తుంది. నేల నుండి తొలగించిన దైవత్వం మానవుని చేతికి హక్కుగా రాలేదు.

ఈ శాసనానికి తెలుగు బైబిలులో దొరికిన అచ్చమైన మాట ‘పరిగె’. కోత తరువాత చేనిలో రాలిన కంకులను ఏరుకొనే కూలిజనం మాట ఇది. పొలం అంచుల వరకు కోయరాదని, పరిగెను బీదలకు, పరదేశులకు విడిచిపెట్టాలని లేవీయకాండం 19వ అధ్యాయం ఆదేశిస్తుంది. మోయాబు నుండి వచ్చిన విధవరాలు రూతు బోయజు పొలంలో ఏరుకొన్నది పరిగెనే. ఊళ్లో పరిగె ఆసామి దయ; లేవీయకాండంలో దానిని పూర్తిగా తీసుకొనే అధికారమే ఆసామికి లేదు. ఒకే మాట రెండు వ్యవస్థలను మోస్తున్నది.

అనువాదం ఇంత చక్కగా అతకని చోటు వానల ప్రస్తావన. హీబ్రూ ‘యోరె’, ‘మల్కోష్’ పదాలకు తెలుగులో ‘తొలకరి’, ‘కడవరి’ అన్న మాటలు వచ్చాయి. పాలస్తీనాలో మొదటి వాన అక్టోబరు, నవంబరు నెలలలో ఎండిన నేలను విత్తడానికి మెత్తబరుస్తుంది. చివరి వాన మార్చి, ఏప్రిల్ నెలలలో కోతకు ముందు గింజను నింపుతుంది. తెలుగువాని తొలకరి జూన్‌లో, మృగశిర కార్తెతో, ఏరువాకతో ముడిపడినది. కోస్తాలో వరి కోతల వేళ పడే వానంటే రైతుకు గుండె దిగులు. కడవరి వానను వరంగా చదివే కోస్తా రైతు తన అనుభవాన్ని పక్కన పెట్టి చదవవలసిందే.

ఆ రెండు వానల మాట కొత్త నిబంధనలో యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో వస్తుంది. వానల కోసం ఓర్పుతో కనిపెట్టే కృషీవలుని ఉపమానం ఏడవ వచనంలోది. అంతకు మూడు వచనాల ముందు, చేలు కోసిన కూలివారికి ఇవ్వక బిగబట్టిన కూలి మొరపెడుతున్నదని, ఆ కేకలు ప్రభువు చెవులకు చేరాయని ఉంది. ప్రసంగాలలో ఏడవ వచనాన్ని నాలుగవ వచనం నుండి విడదీస్తే అది ఓర్పును మాత్రమే బోధిస్తుంది. విధేయతకు వాన, అవిధేయతకు కరవు అనే ద్వితీయోపదేశకాండపు లెక్క కూడా ఇటువంటి చోటనే చిక్కులో పడుతుంది. కూలి ఎగవేసినవాని పొలం మీదా వాన కురుస్తుంది. నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా దేవుడు వాన కురిపిస్తాడన్న యేసు మాట ఆ లెక్కను సడలించింది గాని కూలివాని ప్రశ్నకు బదులు కాలేదు.

నాటినవానిలోనూ నీరు పోసినవానిలోనూ ఏమీ లేదు, వృద్ధి కలుగజేసే దేవునిలోనే ఉన్నదన్నది కొరింథీయులకు పౌలు చెప్పిన భావం. సంఘాన్ని గురించిన రూపకం అది. 1941 నాటి జాషువ ‘గబ్బిలం’లో రూపకానికి తావులేని చోట దీనికి ఎదురు భావం నిలిచింది: దళితుని రెక్కల కష్టం లేనిదే సస్యలక్ష్మి పండడానికే సందేహిస్తుంది, లోకానికి అన్నం పెట్టే అతనికి మాత్రం అన్నం లేదు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి పంటను దేవతగా భావించడం తెలుగు కావ్యభాష ఇచ్చిన వారసత్వం; ఆ దేవతను కూలివాని రెక్కలకు కట్టివేయడం ఆయన సొంతం. 65వ కీర్తనలో చాళ్ల వెనుక కనబడని చేయి ఇక్కడ ముందుకు వచ్చింది. దీనిని దైవదాతృత్వ భావన నుండి వైదొలగడంగా చదవడం కంటే, యాకోబు పత్రికలోని నాలుగవ వచనానికి దగ్గరగా నిలిపి చదవడం సమంజసం.

రెండు చోట్లా మొర చేరవలసినది దైవం చెవికే. యాకోబు పత్రికలో బిగబట్టిన కూలి తానే కేకవేస్తుంది, మధ్యవర్తి లేడు. ‘గబ్బిలం’లో ఆలయపు కప్పుకు వ్రేలాడే గబ్బిలానికి శివుని చెవి దగ్గర, అదైనా పూజారి లేని వేళ చూసి విన్నవించవలసి ఉంటుంది.