తుపాకీకీ తీర్పుకీ నడుమ

వరాహగిరి వేంకట గిరి గారూ! బరంపురం మట్టిలో పుట్టి, డబ్లిన్ వానలో తడిసి, ఖరగ్‌పూర్ బొగ్గుపొగలో గొంతు బొంగురుపోయి, చివరికి రైసీనా కొండెక్కి కూర్చున్న పెద్దాయనా! మిమ్మల్ని స్తుతించడానికి నాకు పద్యం చేతకాదు. వచ్చిన వచనంలోనే నాలుగు మాటలు. మధ్యలో రెండు నిష్ఠూరాలు కూడా దొర్లుతాయి. భద్రాద్రి రాముణ్ణే నిలదీసి పాడుకున్న జాతి మనది, మీరు కోపం తెచ్చుకోరు.

1894 ఆగస్టు 10. గంజాం అప్పుడు మద్రాసు రాజధానిలో ఒక జిల్లా. బరంపురం పట్టుచీరల ఊరు, వకీళ్ల ఊరు. గోసాని నువాగాం సందుల్లో ఒక అరుగు మీద మొదలైన తెలుగు మాట పక్క అరుగుకు చేరేసరికి ఒడియా అవుతుంది, తిరిగొచ్చేటప్పుడు రెండూ చెట్టాపట్టాలేసుకుని వస్తాయి. రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి పుట్టింటికి వచ్చినప్పుడు అమ్మవారికి ఏ భాషలో మొక్కాలని ఎవరూ అడగరు. ఇలాంటి ఊళ్లో పెరిగినవాడికి ఎదుటివాడి మాట చివరిదాకా వినడం అన్నప్రాశన నాటి నుంచే అలవాటవుతుంది. నాన్నగారు జోగయ్య పంతులు గారు పేరు మోసిన వకీలు. అమ్మగారు సుభద్రమ్మ గారు కల్లూ సారా వద్దని వీధికెక్కి, అరెస్టుకు కూడా వెరవని ఇల్లాలు. చట్టం ఒకరి నుంచి, చట్టాన్ని ఎదిరించే తెగువ ఒకరి నుంచి మీకు దక్కాయి. మీరు పుట్టిన ఆ దశాబ్దంలోనే తూర్పు తీరం పొడుగునా రైలు పట్టాలు పరిచారు. ఆ పట్టాలకు మీతో పనుందని అప్పుడెవరు అనుకున్నారు!

కళ్లికోట కాలేజీ చదువయ్యాక, 1913లో, లా చదవడానికి ఓడెక్కారు. తెలుగు దొరబిడ్డలంతా లండన్ దారి పడుతుంటే మీరు డబ్లిన్ పోయారు. వెళ్లేసరికి ఆ ఊరు ఆకలితో ఉంది. సంఘంలో చేరబోమని సంతకం పెడితేనే పనిలోకి రానిస్తామని యజమానులు తలుపులు మూసేశారు. దాదాపు 20,000 మంది కార్మికులు, వాళ్ల పెళ్లాం బిడ్డలు, చలికాలమంతా వీధిన పడ్డారు. జేకబ్స్ బిస్కెట్ల కార్ఖానా ఆడపిల్లలు కూడా ఆ బయటపడ్డవాళ్లలో ఉన్నారు. న్యాయశాస్త్రం నేర్చుకుందామని వెళ్లినవాడికి న్యాయం లేని ఊరు మొదటి పాఠం చెప్పింది. కార్మిక నాయకుడు జేమ్స్ కానలీ పేరు మీ చెవిన పడింది అక్కడే.

ఆ తర్వాత ఊళ్లోకి తుపాకులు వచ్చాయి. 1914 జూలై 26న హౌత్ రేవులో ఒక చిన్న తెరచాప పడవ 900 మౌజర్ రైఫిళ్లను దించింది. జర్మనీ వాళ్లు వాడి పక్కన పెట్టిన పాతరకం, పేలిస్తే భుజం అదిరిపోయేంత వెనక్కి తన్నేవి. బడిపంతుళ్లు, గుమాస్తాలు, కవులు వాటిని భుజాన వేసుకుని ఆదివారాలు కవాతు చేశారు. మీ కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పే టామస్ మెక్‌డోనా వాళ్లలో ఒకరు. పొద్దున కవిత్వం, సాయంత్రం కవాతు.

రైఫిలుకు ఒక అందం ఉంది, కాదనను. మడమ భుజానికి ఆనించి, ఊపిరి సగం వదిలి సగం బిగబట్టి, గొట్టం చివరి ముల్లును గురిచుక్క కింద నిలిపి, వేలు మెల్లగా మడిచే ఆ ఘడియలో లోకమంతా ఒక నల్లచుక్కలోకి దూరిపోతుంది. మనసు కదిలితే గుండు కదులుతుంది. అందుకే అది ఒక యోగం. 1908లో లండన్‌లో, 1912లో స్టాక్‌హోమ్‌లో ఆ యోగానికి ఒలింపిక్ పతకాలిచ్చారు. 1916లో బెర్లిన్‌లో జరగాల్సిన ఒలింపిక్స్ యుద్ధంలో కొట్టుకుపోయాయి. ఆ ఏడు గురి చూసినవాళ్లు మనుషుల మీదే చూశారు.

1916 ఏప్రిల్ 24, ఈస్టర్ సోమవారం, ఇంగ్లీషు పాలన మీద డబ్లిన్ తిరగబడింది. మీ ఇంగ్లీషు మాస్టారు తన దండుతో పోయి కూర్చున్నది ఎక్కడనుకున్నారు? అదే బిస్కెట్ల కార్ఖానాలో. వారం తిరక్కుండా తెల్లజెండా ఎగిరింది. తర్వాత న్యాయస్థానం వచ్చింది. అబ్బ, ఏం న్యాయస్థానం! తలుపులు మూసిన గది, జడ్జీల కుర్చీల్లో మిలటరీ దొరలు, ముద్దాయి తరఫున మాట్లాడే వకీలు లేడు. మే 3 తెల్లవారుజామున మెక్‌డోనాను కాల్చేశారు. గాయాలతో లేవలేని కానలీని మే 12న కుర్చీకి కట్టి కాల్చారు. గిరి గారూ, మీరు లా చదువుతున్న ఊళ్లో తుపాకీ, తీర్పు పక్కపక్కన నిలబడ్డాయి. ఒకటి పేల్చింది, ఒకటి పేల్చమంది. ఇరవయ్యొక్కేళ్లవాడు అది చూశాక మామూలు వకీలుగా బతకగలడా?

హిందూ దేశపు కుర్రాళ్ల గదులన్నీ పోలీసులు వెతికారు. జూలై 1 లోపు దేశం విడిచిపొమ్మని మీకు తాఖీదు ఇచ్చారు. జూన్ 21న బారిస్టరు పట్టా చేతికొచ్చింది. పట్టాకూ గడువుకూ నడుమ పది రోజులు. బి.ఏ. మాత్రం అక్కడే ఆగిపోయింది.

బరంపురం తిరిగొచ్చి కోటు తొడుక్కున్నారు. తండ్రి పేరు, కొడుకు పట్టా, కేసులకు కొదవేమిటి. నాలుగేళ్లు తిరిగేసరికి గాంధీ గారి సహాయ నిరాకరణ పిలుపుకు ఆ కోటు విప్పేశారు. సారా దుకాణాల వేలం దగ్గర అడ్డం తిరిగి జైలుకు పోయారు. ఇదంతా ఆ తరంలో చాలామంది చేశారు, నేను అక్కడ ఆగను. మీకు మాత్రమే తోచింది ఇంకొకటి ఉంది: రైలు పట్టాల దగ్గరికి నడవడం.

బెంగాల్ నాగపూర్ రైల్వే. బి.ఎన్.ఆర్. అంటే మన శ్రీకాకుళం, గంజాం పల్లెల్లో ఇప్పటికీ ముసలివాళ్లకు బతుకుతెరువు పేరు. ఊళ్లో కరువొస్తే ఒక బుట్ట, ఒక దుప్పటి పట్టుకుని రైలెక్కి ఖరగ్‌పూర్‌లో దిగి, వర్క్‌షాపులో సుత్తి పట్టుకున్న తెలుగువాళ్లు వేలకు వేలు. బెంగాలులో వాళ్లు కట్టుకున్న తెలుగు పేటల్లో రామనవమి పందిళ్లు ఈనాటికీ లేస్తాయి. ఆ రైల్వేలో మీరు కార్మిక సంఘం నిలబెట్టారు. పనివాళ్లను తీసేస్తున్నారని 1927-28లో సమ్మె కట్టించారు. రాయి విసరకుండా, పట్టా పీకకుండా. కంపెనీ దిగొచ్చింది. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్‌ను పెంచిన చేతుల్లో మీ చేయి ఉంది. జెనీవాకు కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు, రౌండ్ టేబుల్ సమావేశానికీ వాళ్ల తరఫునే వెళ్లారు. డబ్లిన్‌లో మెక్‌డోనా చేతిలో చూసిన రైఫిలును మీరు ఎత్తుకోలేదు. కానలీ నమ్ముకున్న సంఘాన్ని ఎత్తుకున్నారు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి బరంపురం అటు పోయింది. పుట్టిన ఇల్లు గీతకు అటు, ఓట్లు గీతకు ఇటు. ఆ మరుసటి ఏడు బొబ్బిలిలో నిలబడి, మద్రాసు ప్రధానిగా ఉన్న బొబ్బిలి రాజానే ఓడించారు. బొబ్బిలి అంటే తాండ్ర పాపారాయుడి బాకూ బుస్సీ ఫిరంగులూ గుర్తొచ్చే మనకు, ఆ కోట ఈసారి ఓటు చీటీలతో కూలడం ముచ్చటగా ఉంటుంది.

ఇక నాకు మీరు అందరికంటే ఎత్తుగా కనబడే చోటుకు వస్తాను. రాష్ట్రపతి భవనం అనుకుంటారు జనం. నేను 1954 అంటాను.

పాతపట్నం నుంచి గెలిచి నెహ్రూ గారి కొలువులో కార్మిక మంత్రి అయ్యారు. యజమానికీ పనివాడికీ తగువు వస్తే ప్రభుత్వమే దాన్ని ట్రిబ్యునల్‌కు ఈడ్చి, జడ్జి చెప్పినట్టు ఇద్దరూ తలవంచే పద్ధతి అప్పటికి పాతుకుపోయింది. మీకది గిట్టలేదు. నిర్బంధ తీర్పు కార్మికుడికి మొదటి శత్రువన్నారు. కోడలి తగువు ప్రతిసారీ ఊరి పెద్ద దగ్గరికి పోతుంటే అత్తాకోడళ్లు ఎప్పటికీ మాట్లాడుకోవడం నేర్చుకోరు, అంతే కదా మీ వాదం. బల్లకు అటొకరు ఇటొకరు కూర్చోవాలి. గొడవ పడాలి, బేరమాడాలి, లేచిపోవాలి, మళ్లీ వచ్చి కూర్చోవాలి. గెలిచినా ఓడినా ఒప్పందం వాళ్లదై ఉండాలి. దానికి గిరి పద్ధతి అని పేరే వచ్చింది. మంత్రివర్గం మాత్రం కలిసి రాలేదు. చట్టం మారలేదు.

అంతలో బ్యాంకు గుమాస్తాల జీతాల తగువు. లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ తీర్పిచ్చింది. బ్యాంకులు గోల పెట్టాయి, ప్రభుత్వం ఆ తీర్పును దిద్ది గుమాస్తాల వాటా కోసింది. అప్పుడు మీరేం చేశారు? తీర్పులంటేనే పడని మనిషి, ఆ తీర్పు కోసం మంత్రి పదవి వదిలేశారు! ఇందులో తిరకాసేమీ లేదు. ప్రభుత్వమే ట్రిబ్యునల్‌కు పొమ్మంది, పోయిన పేదవాడు గెలిచాడు, గెలిచాక ఆట నియమం మారుస్తామంటే ఎలా? రాజీనామా తర్వాత వేసిన కమిషన్‌లో జస్టిస్ గజేంద్రగడ్కర్ గారు విచారించి, గుమాస్తాలకు పోయినదాంట్లో చాలావరకు తిరిగి ఇప్పించారు. కుర్చీ దిగి గెలిచిన మంత్రులు ఈ దేశంలో ఎందరున్నారో వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు.

కోర్టు మిమ్మల్ని వదల్లేదు, మీరూ దాన్ని వదల్లేదు. 1957లో పార్వతీపురంలో ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక సీటు గిరిజనులకు. ఓట్లు లెక్కపెడితే మొదటి రెండు చోట్లా గిరిజన అభ్యర్థులే, మీరు మూడు. రిజర్వుడు సీటు ఒకరికి పోగా, జనరల్ సీటు రెండో ఆయన డిప్పల సూరిదొర గారికి ఇచ్చారు. మీరు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1959లో ఓడిపోయారు. నన్నడిగితే ఓడిపోవడమే సబబు. కొండ మీది మనిషి ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నప్పుడు జనరల్ సీటు ఆయనది ఎందుకు కాకూడదు? పేదవాడి వకీలు ఆ ఒక్కసారి తప్పుడు పక్షాన నిలబడ్డాడని మీ మొహం మీదే చెబుతున్నాను.

గవర్నరు గిరీల సంగతి ఎత్తను, లక్నో, తిరువనంతపురం, బెంగళూరు, అన్నీ మర్యాదగా గడిచాయి. 1969కి వద్దాం. జాకీర్ హుస్సేన్ గారు పోయాక ఉపరాష్ట్రపతిగా ఉన్న మీరు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలై 19న బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సుపై సంతకం చేసి, మర్నాడు రాజీనామా ఇచ్చి, ఏ పార్టీ చీటీ లేకుండా పోటీకి దిగారు. పదిహేనేళ్ల కిందట బ్యాంకుల దగ్గర ఓడి బయటికి నడిచినవాడు, మళ్లీ బయటికి నడవబోతూ బ్యాంకుల మీద సంతకం పెట్టి పోయాడు. కథలో రాస్తే అతిగా ఉందంటారు! ఎదుట అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గారు. ఇద్దరు తెలుగువాళ్లు దేశాన్ని రెండుగా చీల్చి నిలబడ్డారు. మొదటి లెక్కలో ఎవరూ కోటా దాటలేదు. రెండో ప్రాధాన్యం ఓట్లు తిరగేస్తే మీకు 4,20,077, ఆయనకు 4,05,427.

వెంటనే పిటిషన్లు. సంజీవరెడ్డి గారి మీద బురద చల్లిన కరపత్రం పంచారని, ఎన్నిక చెల్లదని. రాష్ట్రపతి సింహాసనం మీదున్నవారు కోర్టుకు రానక్కర్లేదు. మీరు వచ్చారు. సిక్రీ గారి ధర్మాసనం ముందు సాక్షిగా కూర్చుని అడిగినదానికల్లా జవాబు చెప్పారు. మీకంటే ముందు ఏ రాష్ట్రపతీ ఆ పని చేయలేదు. డబ్లిన్‌లో తలుపులు మూసిన గదిలో తీర్పులు చూసినవాడికి తలుపులు తెరిచిన కోర్టు విలువ తెలుసు. 1970లో పిటిషన్లు కొట్టేశారు.

ఇక నిష్ఠూరాలు. 1973 ఏప్రిల్‌లో షెలట్, హెగ్డే, గ్రోవర్ అనే ముగ్గురు పెద్ద జడ్జీలను దాటించి కిందివారిని ప్రధాన న్యాయమూర్తిని చేసిన ఉత్తర్వు మీ పేరు మీదే వెళ్లింది. ఆ ముగ్గురిలో షెలట్ గారు మీ కేసు విన్న ధర్మాసనంలో ఉన్నవారు. బ్యాంకు గుమాస్తాల కోసం కుర్చీ వదిలిన చేయి ఇక్కడ కలం వదల్లేదు. రాజ్యాంగం అలాగే ఉంది, మంత్రిమండలి మాట వినాల్సిందే అంటారు మీ పక్షం వాళ్లు. అనండి. 1954లోనూ మంత్రిమండలి మాటే అది.

మరుసటి ఏడు మే 8న రైళ్లాగిపోయాయి. సమ్మె కట్టింది మీరు పెంచిన ఫెడరేషనే, నాయకత్వం జార్జి ఫెర్నాండెజ్‌ది. వేలమందిని జైళ్లలో కుక్కారు, క్వార్టర్లలోంచి ఇల్లాళ్లను సామాన్లతో సహా బయటికి ఈడ్చారు, కొలువులు ఊడగొట్టారు. ఒకపక్క మాటలు నడుస్తుండగానే నాయకుణ్ణి అరెస్టు చేస్తే బేరం ఎక్కడ మిగిలింది? ఇరవై రోజులకు సమ్మె చచ్చింది. దేశాధినేతగా ఆ మేడలో ఉన్నది ఖరగ్‌పూర్ గిరి గారే. ఆగస్టు 24న గడువు తీరి దిగిపోయారు. మరుసటి ఏడు భారతరత్న ఇచ్చారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు.

ఈ మధ్యలో 1977లో ప్రభుత్వం మారింది, మధు దండవతే గారు రైల్వే మంత్రి అయ్యారు, ఊడిన కొలువులు తిరిగి ఇచ్చారు. ఆ కబురు మీరెలా విన్నారో గానీ, ఖరగ్‌పూర్ తెలుగు పేటలో ఆ సాయంత్రం టీ బడ్డీ దగ్గర ఎవరో ఒక ముసలి ఫిట్టరు కుర్రాళ్లను కూర్చోబెట్టి, 1927లో గిరి గారు కంపెనీ దొరలతో బేరమాడిన కథ మొదలుపెట్టే ఉంటాడని నాకొక పిచ్చి నమ్మకం.