కానుగ నాటిన కర్షకుడు

చేనిగట్టుపై కానుగమొక్కను నాటు రైతు కేవలము నీడను గోరి నాటువాడు కాడు. వేసవి తొలిదినములలో లేతచిగురు తొడిగి, ఆ వెంటనే తెలుపును లేతగులాబి ఛాయయు గలసిన పూగుత్తులతో నిండెడు ఆ వృక్షము, చుట్టుపట్ల చేలు పైరులేక ఎండియున్న కాలమున తేనెటీగలకు మకరందమిచ్చు అన్నసత్రమని వాడెఱుగును. పూచిన చెట్టుక్రింద నిలిచి ఆ ఝంకారమును వినినవారికి, సమీపమున తేనెపెట్టెల నుంచుకొనువాని ముందుచూపును నేను వేఱుగ వర్ణింపనక్కఱలేదు.

అయినను నా మెప్పు ముఖ్యముగా చెందవలసినది వాని కొమ్మలు కొట్టు నేర్పునకు. దమ్ముచేసిన వరిమడికై రొట్టను కోయునప్పుడు, చెట్టునంతను మోడుచేయక, మరుసటియేటి పూతకు వలసిన రెమ్మల నుంచి, తక్కినవానిని మాత్రమే దించి, ఆకును బురదలో త్రొక్కి, నాటునకు ముందు కొన్నాళ్లు మురుగనిచ్చు ఆ యోపిక పుస్తకములవలన వచ్చునది కాదు. వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలినుండి గ్రహించిన నత్రజని ఈ ఆకుద్వారా పొలమునకు చేరును. గింజల నూనె యొకప్పుడు పల్లెయిండ్ల దీపములలో వెలిగెడిది. నూనె తీయగా మిగిలిన పిండిలో నూటికి దాదాపు 4 పాళ్లు నత్రజని యుండును, పశువుల మేతకు పనికిరానంత చేదైనందున దానిని రైతులు నేలకే వినియోగింతురు.