తాడు మీద బరువు, చెట్టు మీద లాగుడు

హైదరాబాద్‌లో లింగంపల్లి నుంచి నాంపల్లికి ఎంఎంటీఎస్ రైల్లో వచ్చేవాళ్లలో పైకి చూసేవాళ్లు తక్కువ. చూసినవాళ్లకు పట్టాల పక్కన అక్కడక్కడా ఒక స్తంభానికి బిళ్లలు దొంతరగా పేర్చిన బరువు వేలాడుతూ కనిపిస్తుంది. రైలుకు కరెంటునిచ్చే తీగల బిగిని కాపాడేది అదే. కింది తీగకు 1000 కిలోల లాగుడు, దాన్ని మోసే పై తీగకు ఇంకో 1000 కిలోలు అన్నది మన రైల్వేలో చిరకాలంగా ఉన్న ప్రమాణం. ఎండకు తీగ సాగితే బరువు కిందికి జారుతుంది. చలికి తీగ ముడుచుకుంటే పైకి లేస్తుంది. లాగుడు మాత్రం మారదు.

స్లాక్‌లైన్‌కు ఆ సౌకర్యం లేదు. రెండు చెట్ల మధ్య అంగుళమో రెండంగుళాలో వెడల్పున్న పట్టీ కట్టి, దాని మీద నడిచే ఆట ఇది. పట్టీ మీద ఎంత లాగుడు పడుతుందో కట్టినప్పుడు సగమే తెలుస్తుంది. మిగతా సగం మనిషి ఎక్కాక తేలుతుంది.

ఆట పుట్టింది అమెరికాలో, 1980కి కాస్త అటూ ఇటూగా. ఆడమ్ గ్రోసోవ్‌స్కీ, జెఫ్ ఎలింగ్టన్ అనే కుర్రాళ్లు కొండలెక్కడానికి వాడే నైలాన్ పట్టీని బిగించి నడవడం మొదలుపెట్టారు. యోసెమిటీ లోయలో కొండలెక్కేవాళ్ల గుంపుల్లో అది పాకింది. 1985లో స్కాట్ బాల్కమ్ అక్కడి లాస్ట్ యారో శిఖరానికి పట్టీ కట్టి లోయ మీదుగా నడిచాడు. సర్కస్ తీగకూ దీనికీ తేడా ఉంది. 1974లో న్యూయార్క్ జంట భవనాల మధ్య నడిచిన ఫిలిప్ పెటీ తన ఉక్కు తీగ ఊగకుండా పక్కలకు తాళ్లు లాగి కట్టించుకున్నాడు. స్లాక్‌లైన్ మీద ఊగడమే ఆట.

పబ్లిక్ గార్డెన్స్‌లో 20 మీటర్ల ఎడంలో రెండు లావాటి చెట్లు ఉన్నాయనుకుందాం. (తోటవాళ్లు ఒప్పుకుంటారా అన్నది వేరే సంగతి.) 70 కిలోల మనిషి పట్టీ నడుమ నిలబడ్డాడు. అతని కాళ్ల కింద పట్టీ ఒక మీటరు దిగితే ఒక్కో చెట్టు మీద పడే లాగుడు దాదాపు 350 కిలోలు. అర మీటరే దిగేలా బిగిస్తే 700. పావు మీటరే దిగితే 1400. మనిషి అతనే, చెట్లూ అవే. పట్టీ ఎంత తక్కువ దిగితే లాగుడు అంత పెరిగిపోతుంది. మనిషి బరువును చెట్ల మధ్య దూరంతో హెచ్చించి, పట్టీ దిగిన లోతుకు నాలుగు రెట్లతో భాగిస్తే వచ్చే లెక్క ఇది. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత ఇంటర్ ఫిజిక్స్ గైడ్లు తిరగేస్తే, రెండు తాళ్లకు వేలాడే బరువు బొమ్మతో ఈ లెక్కే ఎక్కడో ఒకచోట తగులుతుంది. మార్కుల కోసం చేసి మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

కొత్తగా కట్టేవాళ్ల చెయ్యి మాత్రం ఇందుకు ఎదురు చెబుతుంది. వదులుగా ఉంటే భయం, బిగిస్తే ధైర్యం. అందుకే పట్టీని బిగించే రాచెట్ పిడిని ఇంకో రెండు పళ్లు లాగుతారు. కాలి కింద ఊపు తగ్గిన మాట నిజమే, కానీ తగ్గిన ఊపంతా చెట్టు దగ్గర లాగుడుగా మారి కూర్చుంటుంది. మనిషి ఎగిరి పట్టీ మీద పడితే అది ఇంకా పెరుగుతుంది.

తెలుగు నేలకు తాడు నడక కొత్తేమీ కాదు. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోనే గడల మీద ఆడేవాళ్లు కనిపిస్తారు. ఇలాంటి జనవినోదాలను ఆంధ్రుల సాంఘిక చరిత్రలోకి ఎక్కించిన సురవరం ప్రతాపరెడ్డి పేరే ఇప్పుడు నాంపల్లి తెలుగు విశ్వవిద్యాలయానికి ఉంది. తాడు మీద ఆడే దొమ్మరుల కట్టుబడిని ఇంజనీరు కన్నుతో చూస్తే ముచ్చటేస్తుంది. రెండేసి వెదురు గడలను కత్తెరలా నిలబెట్టి, తాడును ఆ కత్తెర మీదుగా దాటించి, అవతల నేలలో దిగ్గొట్టిన గుంజకు కడతారు. మనిషి బరువు వెదురు గుండా నేలకు దిగుతుంది. అడ్డంగా లాగే బలం గుంజ మీదికి పోతుంది. అందుకే గుంజను నిటారుగా కాక, తాడు లాగే వైపుకు ఎదురుగా వెనక్కి వాల్చి కొడితేనే నిలుస్తుంది. వెదురు కాస్త వంగుతుంది గనక కుదుపు కొంత అక్కడే చస్తుంది.

ఆ తాడు మీద పిల్లనే ఎందుకు ఎక్కిస్తారన్నదానికి మనసు కలతపెట్టే కారణాలు చాలా ఉన్నాయి. లెక్క కూడా పిల్ల వైపే మొగ్గుతుంది. ఆరు మీటర్ల తాడు 15 సెంటీమీటర్లు దిగితే 25 కిలోల పిల్లకు గుంజ మీద పడేది 250 కిలోలు. 60 కిలోల తండ్రి ఎక్కి, తాడు అంతే దిగితే 600. బడిలో ఉండాల్సిన పిల్ల అక్కడ ఉండటాన్ని ఈ లెక్క ఏ మాత్రం సమర్థించదు.

ప్రమాదాలు ఎక్కువగా పుట్టేది పట్టీ మధ్యలో కాదు, కొసల్లో. ఇటుక స్తంభం పైనుంచి పడే బరువును ఏళ్ల తరబడి మోస్తుంది. పక్కనుంచి లాగితే కూలుతుంది. 2020లో అమెరికాలోని ఒహాయోలో ఇటుక స్తంభానికి కట్టిన ఊయలలో కూర్చున్న ఇద్దరు అక్కాచెల్లెళ్ల మీద ఆ స్తంభమే పడి ఇద్దరూ చనిపోయారు. అది స్లాక్‌లైన్ కాదు, ఉత్త ఊయల, అయినా లాగుడు లెక్క ఒకటే. గోడలు, పిట్టగోడలు, గేటు స్తంభాలు, మేడ మీద వాటర్ ట్యాంకు కాళ్లు ఇందుకు పనికిరావు. బతికున్న చెట్టు కావాలి, మొదలు కనీసం అడుగు మందం ఉండాలి, బెరడు నలగకుండా గోనెపట్టో పాత కార్పెట్ ముక్కో చుట్టాలి.

ప్రమాదం పుట్టే రెండో చోటు రాచెట్. లారీ సరుకు కట్టడానికి చేసిన పరికరం అది. బిగించేటప్పుడు పన్ను తర్వాత పన్ను పట్టుకుంటుంది, వదిలేటప్పుడు ఒక్కసారిగా వదిలేస్తుంది. సాగిన పట్టీ తెగితే ఆ ఇనుప ముక్క రాయిలా ఎగిరి వస్తుంది. అందుకే తెలిసినవాళ్లు రాచెట్‌ను చెట్టుకు విడిగా ఇంకో తాడుతో కట్టి ఉంచుతారు, పట్టీకి సూటిగా ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వరు. పట్టీకి ముడి వేయరు. ముడి దగ్గర దాని బలం సగం దాకా పోవచ్చు.

చెట్టుకు చుట్టే స్లింగ్ కోసం ట్రూప్ బజార్‌లో వెతికినా రాణిగంజ్ దాకా పోయినా, పాలిస్టర్ స్లింగులకు రంగుల లెక్క ఒకటి ఉంటుంది. వయొలెట్ ఒక టన్ను, ఆకుపచ్చ రెండు, పసుపు మూడు. రంగును బట్టి కొనకుండా కుట్టిన లేబుల్ చదవాలి, లేబుల్ ఊడిపోయినదాన్ని పక్కన పెట్టాలి. లేబుల్ మీది టన్ను కూడా నేరుగా లాగినప్పటి మాట. ఉచ్చు వేసి బిగిస్తే 800 కిలోలే లెక్క. చెట్టు చుట్టూ తిప్పి రెండు కొసలూ ముందుకు తెచ్చి, అవి సమాంతరంగా ఉంటే రెండు టన్నులు. లావాటి చెట్టుకు పొట్టి స్లింగ్ చుడితే కొసలు విచ్చుకుంటాయి. వాటి మధ్య కోణం 120 డిగ్రీలకు చేరిందంటే ఒక్కో కొస మీదా పూర్తి లాగుడు పడుతుంది. పైన చెప్పిన 70 కిలోల మనిషి పావు మీటరు దిగే పట్టీ మీద నిలబడితే, అలా చుట్టిన వయొలెట్ స్లింగ్ ఒక్కో కొస మీద 1400 కిలోలు మోయాలి. తయారీలో ఏడు రెట్ల వెసులుబాటు ఉంటుంది గనక కొత్త స్లింగ్ ఆ పూటే తెగకపోవచ్చు. ఎండకు మగ్గి, బెరడుకు రాసుకున్న పాత స్లింగ్ మీద ఆ భరోసా పెట్టుకోలేం. పొడవైన స్లింగ్ కొనుక్కోవచ్చు, లేదంటే రాచెట్‌ను రెండు పళ్లు తక్కువ బిగించవచ్చు. రెండోదానికి పైసా ఖర్చు లేదు, పట్టీ ఇంకాస్త ఎక్కువ ఊగుతుంది, అంతే.