ఎంత కొట్టాలన్నా?

హైదరాబాద్‌లో అంబర్‌పేట్ నుంచి ఉస్మానియా యూనివర్సిటీ మీదుగా తార్నాక వెళ్లే దారిలో పంక్చర్ షాపుకి బోర్డు అక్కర్లేదు. వేలాడదీసిన పాత టైరు కనిపిస్తే చాలు. "ఎంత కొట్టాలన్నా?" "ముందు 25, వెనక 30." గేజు వైపు ఓ కన్నేసి నాజిల్ తీసేస్తాడు. బేరం అయిపోయింది. ఇంత తేలిగ్గా అవడానికి కారణం మూలన ఉన్న కంప్రెషర్.

పిస్టన్ కిందికి దిగితే పల్చటి ఉక్కు రేకు తెరుచుకుని బయటి గాలి సిలిండర్‌లోకి వస్తుంది. పైకి లేస్తే ఆ రేకు మూసుకుంటుంది, గాలి నలుగుతుంది. ట్యాంకులో ఉన్న ఒత్తిడిని మించాకే రెండో రేకు లేస్తుంది. ఈ రేకుల్ని ఎవరూ తెరవరు, మూయరు; అటూ ఇటూ ఒత్తిళ్ల తేడాయే ఆ పని చేస్తుంది. ట్యాంకు నిండేకొద్దీ పిస్టన్ ఇంకా పైదాకా వెళ్తేగానీ రెండో రేకు కదలదు. మోటారు గొంతు బరువెక్కేది అందుకే.

ఈ విద్య మనకి కొత్తేం కాదు. కమ్మరి కొలిమిలో తోలు తిత్తులు రెండు. నోరు తెరిచి పైకెత్తితే గాలి నిండుతుంది, నోరు మూసి అదిమితే గొట్టంలోంచి నిప్పుల్లోకి పోతుంది. ఒకటి లేస్తుంటే ఇంకోటి దిగుతుంది కాబట్టి ఊపిరి తెగదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో, పర్షియా వ్యాపారులు వచ్చి మరీ కొనుక్కెళ్లిన ఉక్కు ముద్దల వెనక ఉన్నది తిత్తి గాలే. అయితే అక్కడ వాల్వు మనిషి చెయ్యి, ఎంత చాలో చెప్పేది మనిషి కన్ను.

షాపులో ఆ కన్ను ప్రెషర్ స్విచ్. లోపల స్ప్రింగు ఒక పక్క, ట్యాంకు గాలి ఇంకో పక్క. గాలి గెలిస్తే కరెంటు తెగుతుంది. ఉదాహరణకి 120 పీఎస్‌ఐ దగ్గర ఆగి, 90కి దిగాక మళ్లీ మొదలవుతుంది. మధ్యలో ఆ 30 ఎందుకంటే, అది లేకపోతే సైకిలు చక్రానికి గాలి కొట్టినప్పుడల్లా మోటారు లేచి కూర్చుంటుంది, త్వరగా కాలిపోతుంది. ఆగిన క్షణాన వినిపించే "తుస్" సిలిండర్ తలకాయ మీద మిగిలిన గాలిది. దాన్ని వదిలేస్తేనే మోటారు మళ్లీ బరువు లేకుండా తిరగడం మొదలెడుతుంది. ఆ చప్పుడు ఆగకుండా వస్తూనే ఉంటే ట్యాంకు గాలిని వెనక్కి రానివ్వని వాల్వులో, అంటే ఎన్‌ఆర్‌వీలో, చెత్త చేరిందని మెకానిక్ చూడకుండానే చెప్పేస్తాడు.

మన నగరం సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది. గాలి కాస్త పల్చన కాబట్టి విశాఖలో ఒక్కో గుక్కకి దొరికే గాలి కన్నా ఇక్కడ 5, 6 శాతం తక్కువే దొరుకుతుంది. కొట్టించుకునేవాడికి తేడా తెలియదు, కరెంటు బిల్లుకి తెలుస్తుందేమో.

చాలామంది పట్టించుకోనిది ట్యాంకు అడుగున ఉండే చిన్న డ్రెయిన్ కాక్. నలిగిన గాలి చల్లబడితే తేమ నీళ్లవుతుంది, వానాకాలం మరీ ఎక్కువ. రోజూ వదలకపోతే ట్యాంకు లోపల్నుంచి తుప్పు తింటుంది, పైన రంగు మాత్రం మెరుస్తూనే ఉంటుంది. సేఫ్టీ వాల్వు కారుతోందని బిరడా కొట్టేవాళ్లూ ఉన్నారు. అది బాంబు పక్కన కూర్చుని పంక్చర్లు వేయడమే.

తార్నాక స్టాపులో ఆర్టీసీ బస్సు కూడా తుస్సుమంటుంది. దాని కంప్రెషర్‌ని తిప్పేది ఇంజను కాబట్టి దాన్ని ఆపడం కుదరదు. ట్యాంకులో సరిపడా ఒత్తిడి రాగానే, ఆపైన వచ్చే గాలిని గవర్నర్ అనే వాల్వు బయటికి వదిలేస్తుంది. బ్రేకు పట్టేదీ ట్యాంకులోని గాలే. ఇప్పటి బస్సుల్లో గాలి పూర్తిగా పోతే వెనక చక్రాల్ని స్ప్రింగులు బిగించేస్తాయి. పొద్దున్నే డిపోలో డ్రైవరు ఇంజను ఆన్ చేసి, ముల్లు పైకి లేచేదాకా బండి కదపకుండా కూర్చునేది అందుకే.