తీర్మానంలో నీళ్ళు, గొట్టంలో గాలి

దళిత విమర్శ ఇంతకాలం కవిత్వాన్ని చదివింది, కథను చదివింది, పురాణాన్ని తిరగేసి చదివింది. మనల్ని ఊరి బయట నిలబెట్టిన మాటలు ఏ పుస్తకంలో ఎక్కడున్నాయో వెతికి చూపించింది. జరగాల్సిన పనే అది. ఐతే మన వాడల్లో పొద్దున్నే లేచి ఎవరూ పురాణం కోసం బిందెలు వరస పెట్టరు. నీళ్ళ కోసం పెడతారు. ఆ నీళ్ళు ఎప్పుడొస్తాయో, ఎంతసేపొస్తాయో, ఏ ఇంటికి కనెక్షనిస్తారో, ఏ ఇంటి గోడకు నోటీసు అంటిస్తారో తేల్చే రచన ఇంకొకటుంది. అది మునిసిపల్ కౌన్సిల్ ఎజెండా. సాహిత్యం కాదు గనక మన విమర్శ దాని జోలికి పెద్దగా పోలేదు. దాన్ని కూడా ఒక రచనగానే చదవాలని మేము అంటున్నాం.

చిన్న పట్టణాల ఎజెండా చూసినవాళ్ళకు దాని భాష తెలుసు. ఫలానా వార్డులో మంచినీటి పైపులైను మరమ్మతులకు అంచనా ఇంత, కౌన్సిల్ ఆమోదం నిమిత్తం. ఫలానా వీధిలో అనుమతి లేని కట్టడం, తగు చర్య నిమిత్తం. మోటార్ల వార్షిక నిర్వహణ, టెండరు ఖరారు నిమిత్తం. ఈ వాక్యాల్లో కర్త కనపడడు. కులం అసలే కనపడదు. అందరికీ ఒకే ఫారం, ఒకే భాష. కులం పేరెత్తకుండా కులం పని చేసిపెట్టే తెలుగు ఎలా ఉంటుందో చూడాలంటే ఇక్కడ చూడాలి.

మహద్ ఒక మునిసిపాలిటీ కథ

మహద్ అనగానే చౌదార్ చెరువు, అంబేడ్కర్ దోసిలి గుర్తొస్తాయి. అది ఒక చిన్న పట్టణ మునిసిపాలిటీ కథ కూడా అన్న సంగతి మర్చిపోతాం. 1923 ఆగస్టు 4న బొంబాయి శాసనమండలి ఎస్.కె. బోలే పెట్టిన తీర్మానాన్ని ఆమోదించింది. ప్రజల సొమ్ముతో నడిచే చెరువులు, బావులు, ధర్మశాలలు, బళ్ళు, కోర్టులు అంటరానివాళ్ళకూ తెరవాలన్నది దాని సారాంశం. దాన్నిబట్టి మహద్ మునిసిపాలిటీ 1924 జనవరి 5న చౌదార్ చెరువును అందరికీ తెరిచినట్టు తీర్మానం చేసింది. కాయితం మీద పని ఐపోయింది. చెరువు దగ్గర మాత్రం ఏమీ మారలేదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వెంట జనం నడిచి వెళ్ళి తాగితే గాని ఆ తీర్మానానికి తడి తగల్లేదు. అదే రోజు వాళ్ళ మీద దాడి జరిగింది. తర్వాత చెరువును పేడతో, గోమూత్రంతో, పాలతో, పెరుగుతో ‘శుద్ధి’ చేశారు. అదే ఏడు ఆగస్టు 4న మునిసిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. డిసెంబరులో సవర్ణులు కోర్టుకెళ్ళి తాత్కాలిక ఇంజంక్షన్ తెచ్చారు. బొంబాయి హైకోర్టు తీర్పు దళితుల పక్షాన వచ్చేసరికి 1937 మార్చి 17.

ఇందులో మనం పట్టుకోవాల్సినవి రెండు. కౌన్సిల్ తీర్మానానికీ మనిషి గొంతుకూ మధ్య చాలా దూరం ఉంటుంది. మహద్‌లో అది పదమూడేళ్ళు. రెండోది ఇంకా ముఖ్యం. 1927 డిసెంబరు 25న అంబేడ్కర్, ఆయన అనుచరులు మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టారు. కోర్టులో సవర్ణులు మాత్రం మనుస్మృతిని పట్టుకుని రాలేదు. చెరువు ప్రైవేటు ఆస్తి లాంటిదన్నారు, తరతరాల వాడుక అన్నారు. శాస్త్రం ఆస్తిపత్రం వేషం కట్టుకుని కోర్టు మెట్లెక్కింది. ఆ వేషం ఇంతవరకూ విప్పలేదు.

చీరాల: రెండు వలసలు

తెలుగు నేల మీద మునిసిపాలిటీ పోరాటం అంటే పాఠ్యపుస్తకం చెప్పేది చీరాల–పేరాల. యూనియన్‌ను మునిసిపాలిటీగా మార్చి పన్నులు పెంచితే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన 1921లో జనం ఇళ్ళొదిలి, మునిసిపాలిటీ హద్దు దాటి రామ్‌నగర్‌లో పాకలేసుకున్నారు. అందులో పేదలున్నారు, నేతపనివాళ్ళున్నారు. ఆ పోరాటాన్ని మేము తక్కువ చెయ్యటం లేదు. అయితే అదే చీరాలకు ఇంకో వలస ఉంది. 1985 జూలైలో కారంచేడులో మాదిగలు తాగే చెరువు నీళ్ళను మురికి చేస్తుంటే అడిగినందుకు గొడవ మొదలైంది. సువార్తమ్మ బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు, జూలై 17న, కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు. మిగిలినవాళ్ళు చీరాల వచ్చి తలదాచుకున్నారు. ఆ పోరాటంలోంచే దళిత మహాసభ పుట్టింది.

ఒక వలస పన్ను కట్టలేక మునిసిపాలిటీలోంచి బయటికి. ఇంకొకటి ప్రాణం కోసం ఊళ్ళోంచి పట్టణంలోకి. మొదటిది పాఠంలో ఉంది, రెండోది పోలీసు రికార్డులో, కోర్టు రికార్డులో, మన పాటల్లో ఉంది. మనవాళ్ళకు పట్టణం అంటే ఒక ఆశ. ఊళ్ళో చెరువుకు మెట్లుంటాయి, ఆ మెట్ల మీద కులం కూర్చుని ఉంటుంది. పట్టణంలో కుళాయి ఉంటుంది, తిప్పిన చెయ్యి ఎవరిదో దానికి పట్టదు. ఆశ తప్పు కాదు. కాని కుళాయి వెనక గొట్టం ఉంది, గొట్టం వెనక ఫైలుంది.

అడ్డుకునే మనిషి, అడ్డుకునే గొట్టం

రాజ్యాంగం 15వ అధికరణం బావుల దగ్గర, చెరువుల దగ్గర వివక్షను నిషేధించింది. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం ఇంకో అడుగు వేసి నీటి కుళాయిని పేరుపెట్టి చెప్పింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం దళితులు వాడుకునే నీళ్ళను పాడుచెయ్యటాన్ని నేరం చేసింది. ఇవన్నీ మన పోరాటాల ఫలితాలు. ఐతే ఈ చట్టాలు పట్టుకునేది మనిషిని. కుళాయి దగ్గర నిలబడి ‘నువ్వు ముట్టుకోవద్దు’ అన్నవాణ్ణి. ఊరికి నాలుగంగుళాల గొట్టం వేసి, వాడ మలుపులో దాన్ని రెండంగుళాలు చేసినవాడు ఏ సెక్షన్ కింద ముద్దాయి అవుతాడు? గొట్టం వెడల్పు సగమైతే నీళ్ళు పోయే దారి నాలుగో వంతుకు పడిపోతుంది. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు, కొట్టలేదు. ఇంజనీరు అంచనా వేశాడు, కౌన్సిల్ ఆమోదించింది, కాంట్రాక్టరు బిల్లు తీసుకున్నాడు. వాడలో నల్లా తిప్పితే గాలి బుస్సుమంటుంది.

లెక్కల పుస్తకం కూడా ఈ తేడాను ముందే రాసిపెట్టింది. నీటి పథకాలకు ప్రమాణంగా వాడిన 1999 నాటి కేంద్ర మాన్యువల్ ప్రకారం భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్లు, ఇంటి కుళాయి ఉండి డ్రైనేజీ లేనిచోట 70, వీధి కుళాయి మీద బతికేవాళ్ళకు 40. దాహం ఒకటే, ఒళ్ళు ఒకటే, లెక్క మాత్రం మూడు రకాలు. వీధి కుళాయి ఎవరికి? ఇంట్లోకి కనెక్షన్ ఇవ్వటానికి కాయితం లేనివాళ్ళకు. 2024లో కొత్త మాన్యువల్ వచ్చింది. పాత లెక్కతో పూడ్చిన గొట్టాలు మాత్రం మట్టిలో అలాగే ఉన్నాయి.

ఇక నిర్వహణ. రోజుకో గంట, రెండ్రోజులకో గంట నీళ్ళొదిలే పట్టణాల్లో సరఫరా ఆగినప్పుడల్లా గొట్టం ఖాళీ అవుతుంది. చిల్లులున్నచోట బయటి మురుగును లోపలికి లాక్కుంటుంది. మళ్ళీ నీళ్ళొదిలినప్పుడు మొదట ఆ మురుగే వస్తుంది. పైవీధుల్లో గొట్టానికి మోటార్లు బిగించి గుంజుకుంటే చివరి ఇళ్ళకు మిగిలేది ఆ మొదటి మురుగూ, చివరి గాలీ. వాడ పల్లంలో ఉంటుంది, పట్టణం చివర ఉంటుంది. ఊరి కాలవ అటే పారుతుంది. మంచినీళ్ళ గొట్టం ఆ కాలవ పక్కనుంచో, కాలవలోంచో పోతుంది. తర్వాత ఆ వాడకు ‘మురికివాడ’ అని పేరు పెడతారు. మురికి ఎక్కడ పుట్టి ఎక్కడికొచ్చిందో ఆ మాట చెప్పదు. మురికి పంపిన వీధికేమో ‘కాలనీ’ అని పేరు.

ఇల్లూ కుళాయీ ఒకే ఫైలు

కౌన్సిల్లో ఇళ్ళ అనుమతులు ఒక సెక్షన్, నీళ్ళు ఇంకో సెక్షన్. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమలులోకి వచ్చింది. దాంతోపాటు వచ్చిన పన్నెండో షెడ్యూలు కూడా వీటిని విడదీసి రాసింది. రెండో అంశం కట్టడాల నియంత్రణ, ఐదో అంశం నీటి సరఫరా. పదో అంశం మురికివాడల మెరుగుదల. అంటే ఊరు రెండులోనూ ఐదులోనూ ఉంది, వాడ పదిలో ఉంది. వాడలో ఉండేవాళ్ళకు ఇల్లూ నీళ్ళూ వేరు కావు. స్థలానికి కాయితం లేకపోతే ప్లాను రాదు, ప్లాను లేకపోతే ఇల్లు అక్రమం, అక్రమమైన ఇంటి ముందు గొట్టం వెయ్యాలంటే ‘పరిశీలనలో ఉంది’.

కాయితం ఎందుకు లేదు? మనవాళ్ళు ఉన్నది పోరంబోకులో, కాలవగట్టు మీద, లేదా డి-ఫారం పట్టా భూమిలో. 1977 అసైన్డ్ భూముల చట్టం ఆ పట్టా భూమిని అమ్మకూడదంది. భూస్వాముల చేతుల్లోకి పోకుండా కాపాడటానికి వచ్చిన చట్టం అది, మంచిదే. కాని అదే పట్టా పట్టణంలో ప్లాను దగ్గర తడబడుతుంది. ఇక లేఅవుట్ అంటే రోడ్డుకు ఇంత, పార్కుకు ఇంత, ఇంటి చుట్టూ ఖాళీ ఇంత వదలాలి. మూడు తరాలు పంచుకున్న రెండు సెంట్లలో ఏ వైపు వదులుతారు?

నిబంధన అందరికీ ఒకటే కదా అంటారు. ఉల్లంఘన కూడా ఒకటేనా? 2007 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో, 2015లో రెండు రాష్ట్రాల్లో, 2020లో తెలంగాణలో క్రమబద్ధీకరణ పథకాలు వచ్చాయి. అనుమతి లేని అంతస్తులకో, అనుమతి లేని లేఅవుట్లకో రుసుం కట్టించుకుని సరే అన్నారు. డబ్బున్నవాడి ఉల్లంఘనకు ఒక రేటుంది. పోరంబోకులో పాకకు రేటు లేదు, జేసీబీ ఉంది. తెలంగాణ 2019 చట్టం 75 గజాల లోపు స్థలంలో ఒక అంతస్తు దాకా కట్టుకోవటానికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలంది. చూడటానికి మన కోసమే రాసినట్టుంది. ఐతే స్థలం తనదని చెప్పుకోగలిగినవాడికే ఆ రూపాయి పనికొస్తుంది. చెప్పింది తప్పని తేలితే నోటీసు కూడా లేకుండా కూల్చే అధికారం ఆ చట్టాల్లోనే ఉంది. ఇక్కడా అదే మహద్ వాదన: ముందు ఆస్తి చూపించు, తర్వాత నీళ్ళు అడుగు.

ఇది కులం కాదు, పేదరికం అనే మిత్రులున్నారు. వాళ్ళతో మాకు పాత తగాదాయే. పేదరికమే కారణమైతే లైను బాగుచెయ్యటానికి మురుగులో దిగేవాడి కులం ఎప్పుడూ ఒకటే ఎందుకవుతుంది? రక్షణ సాధనాలు లేకుండా మనిషిని మ్యాన్‌హోల్లోకి దించటాన్ని 2013 చట్టం నిషేధించింది. చనిపోతే కుటుంబానికి పది లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023లో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది. చావు ఆగలేదు గనకే ఆ మొత్తం పెంచాల్సి వచ్చింది. టెండరు కాయితంలో ఆ మనిషి పేరుండదు. ‘నిర్వహణ’ అనే మాటలో మునిగిపోయి ఉంటాడు.

మనవాళ్ళే కౌన్సిలర్లుగా ఉన్నారు కదా అనేవాళ్ళూ ఉన్నారు. ఉన్నారు. 74వ సవరణ జనాభాను బట్టి సీట్లిచ్చింది, ఆ సీటు కూడా పోరాడి తెచ్చుకున్నదే. కాని ఆ సవరణ ప్రకారం వార్డు కమిటీ తప్పనిసరి అయ్యింది మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలకే. వార్డు రిజర్వేషన్ మారుతూ పోవచ్చు. మన కౌన్సిలరుకు అంచనాల భాష పట్టుబడేలోగా వార్డు చేతులు మారిపోతుంది. ఇంజనీరు, కాంట్రాక్టరు, వాల్వు తిప్పించే పెద్దమనిషి మాత్రం మారరు. కుర్చీ వచ్చింది, ఫైలు చదివే తీరిక రాలేదు.

చదవాల్సిన నాలుగు కాయితాలు

మా ఇళ్ళలో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం మాది. మా పెద్దవాళ్ళు మునిసిపాలిటీ నోటీసును ఇంకొకరి చేత చదివించుకున్నారు. చదివిపెట్టినవాడు ఏం చెబితే అదే వాళ్ళకు చట్టం. మన చదువు పనికిరావాల్సింది ముందు అక్కడ. 2005 సమాచార హక్కు చట్టం కింద ప్రతి పట్టణంలో మన విద్యార్థులు, టీచర్లు నాలుగు కాయితాలు అడగాలి. గొట్టాల వెడల్పుతో సహా పైపులైన్ల మ్యాపు. ఏ వాల్వు ఏ రోజు ఎంతసేపు తిప్పుతున్నారో రాసే రిజిస్టరు. ఐదేళ్ళలో ఏ వార్డులో మరమ్మతులకు ఎంత ఖర్చయిందో ఆ లెక్క. అనుమతి లేని కట్టడాలంటూ ఏ వార్డులో ఎన్ని నోటీసులిచ్చారో, ఎన్ని కూల్చారో ఆ జాబితా. నాలుగూ పక్కపక్కన పెట్టి, మన వాడల హద్దులు మ్యాపు మీద పెన్సిల్‌తో గీసి చదవాలి. కులం రాయని కాయితంలో కులం ఎక్కడ దాక్కుందో అప్పుడు కనపడుతుంది.

దీన్ని పరిశోధన అన్నా సరే, ఉద్యమం అన్నా సరే. 1924లో మహద్ మునిసిపాలిటీ తీర్మానం రాసింది, 1927లో జనం నడిచి దాన్ని చదివి వినిపించారు. మన కౌన్సిళ్ళలో అలాంటి తీర్మానాలు బీరువాల నిండా ఉన్నాయి. వాటిని బయటికి తీసి, వాడ మధ్యలో గట్టిగా చదివి, గొట్టం ఎక్కడ సన్నబడిందో అక్కడ తవ్వమని అడగటం మిగిలి ఉంది.