పట్టూ విడుపూ తెలిసిన పలక

జగిత్యాల నుంచి కోరుట్లకు తారురోడ్డు మీద సైకిలు తొక్కేవాడు పెడల్ గురించి ఆలోచించడు. ఆలోచించే పనీ లేదు. అదే మనిషి రోడ్డు దిగి, కాకతీయ కాల్వ కట్టెక్కి, అక్కణ్నుంచి చెల్కల నడుమ బండ్లబాట పట్టి, గుట్ట వార రాళ్ల తొవ్వలోకి తిరిగాడంటే లెక్క మారిపోతుంది. ముందుచక్రం ఒక గుండు ఎక్కుతుంది, వెనకచక్రం ఇంకో గుండు మీంచి జారుతుంది, సీటు ఎగిరి తంతుంది. ఆ కుదుపులో సైకిలుతో మనిషికి మిగిలే చుట్టరికం రెండు చేతులూ రెండు అరికాళ్లూ. చేతులు హ్యాండిల్‌ను వేళ్లతో చుట్టి పట్టుకుంటాయి. అరికాలికి ఆ సౌకర్యం లేదు కాబట్టి పట్టుకునే పనంతా పెడలే చేయాలి. పట్టుకోవడం ఒక్కటే అయితే తాడుతో కట్టేసినా సరిపోయేది. పడబోయే క్షణంలో వదలాలి కూడా. ఈ పట్టువిడుపుల లెక్కను అరచేతంత పలకలో ఎట్లా కుదిర్చారో చూస్తే ముచ్చటేస్తుంది.

మన ఊళ్ల సైకిలు పెడల్ అందరికీ తెలిసిందే: ఇనుప చట్రం, అందులో రెండు రబ్బరు దిమ్మలు. హవాయి చెప్పులకూ వట్టి కాళ్లకూ అంతకన్నా మర్యాదైన పెడల్ లేదు. వెనక గడ్డిమోపు పెట్టుకొని పొలం నుంచి రావడానికి అది చాలు. కాని తడిస్తే ఆ రబ్బరు జారుతుంది, రాళ్ల మీద కాలు ఎగిరిపోతుంది.

గుట్టల కోసం చేసిన చదును పెడల్‌ను చేతిలోకి తీసుకొని చూడండి. పొడవూ వెడల్పూ సుమారు పది సెంటీమీటర్లు, మందం రెండు సెంటీమీటర్ల లోపు. చదును అనే మాటే గాని మంచి పెడల్ నిజంగా చదునుగా ఉండదు. అంచుల కన్నా నడుమ కొంచెం పల్లం ఉంటుంది, పాదం ఆ పల్లంలో కుదురుకుంటుంది. పల్చగా చేసింది అందానికి కాదు. తొక్కుడులో కిందికి వచ్చిన పెడల్‌కూ నేలమీది గుండుకూ మధ్య ప్రతి మిల్లీమీటరూ విలువైనదే. అప్పటికీ రాయి తగిలితే? అందుకే అంచుల్ని ఏటవాలుగా చెక్కారు. రాయికి గుద్దుకొని ఆగిపోకుండా పక్కకు జారిపోతుంది.

ఇక ముళ్లు. ఒక్కో వైపు పదీ పన్నెండు ఉక్కు పిన్నులు, నాలుగైదు మిల్లీమీటర్ల ఎత్తున నిలబడి ఉంటాయి. బూటు రబ్బరులో దిగి పాదాన్ని కదలనివ్వవు. కాలు పైకెత్తితే మాత్రం ఏ అడ్డూ లేకుండా వదిలేస్తాయి. నాకు నచ్చిన పనితనం ఈ పిన్నులు బిగించే తీరులో ఉంది. నాసిరకం పెడల్‌లో వాటిని పైనుంచే తిప్పి దించుతారు. రాయి తగిలి పిన్ను తల నలిగిందంటే ఎలెన్‌కీ దూరే గుంత పోతుంది, ఇక దాన్ని తీయడం ఎవరి తరమూ కాదు. తెలిసినవాడు చేసిన పెడల్‌లో పిన్ను అవతలి వైపు నుంచి వస్తుంది. తల నలిగినా కీ దూరే చోటు వెనక భద్రంగా ఉంటుంది. చేసేటప్పుడే విరిగే రోజును తలచుకున్న చెయ్యి అది. ఆ ముళ్లు బూటుకూ పిక్కకూ తేడా చూడవు. కాల్వ కట్ట దిగుతూ కాలు తప్పిన రోజు అవి గీసిన గీతలు నా ఎడమకాలి మీద ఇప్పటికీ ఉన్నాయి.

పలకలో కిటికీల్లాంటి ఖాళీలు ఎందుకంటే, బరువు తగ్గడానికే కాదు, మట్టి రాలిపోవడానికి. చెల్క మట్టి పొడిపొడిగా రాలిపోతుంది. వాన తడిసిన నల్లరేగడి అట్లా కాదు, అంటుకుంటే చెప్పు వదిలి నడవాల్సిందే.

బూటును పెడల్‌కు తగిలించే రెండో జాతి ఇక్కడే ఇబ్బంది పడుతుంది. 1984లో ఫ్రాన్సు కంపెనీ లుక్, మంచుబూట్ల బిగింపు చూసి ఇలాంటి పెడల్ తెచ్చింది. మరుసటి ఏడు బెర్నార్ ఇనో వాటితోనే టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం గెలిచాడు. కొండల సైకిలుకు తగ్గట్టు 1990లో జపాన్ కంపెనీ షిమానో ఎస్‌పీడీ తెచ్చింది. బూటు కింది లోహపు ముక్కను చిన్నది చేసి అట్టలోకి దాచింది. దాంతో దిగి రాళ్ల మీద నడవచ్చు. ముందుకు నొక్కితే టక్కున పడుతుంది, మడమ బయటికి తిప్పితే వదులుతుంది. ఎంత బిగువుగా పట్టాలో ఒక మర నిర్ణయిస్తుంది. గొప్ప పనే. ఎక్కుడులో దానికి సాటి లేదు. కాని ఆ విడుపు కాలికి అలవాటు కావాలి, రేగడి కూరుకుంటే అసలు పట్టే దొరకదు. గుండ్ల తొవ్వలో కొత్తగా తిరిగేవారికి నేను చెప్పేది ముళ్ల పెడలే. మెత్తటి రబ్బరు అట్ట ఉన్న బూటు తోడుండాలి. లోహం కొనలేకపోతే నైలాన్‌దైనా మంచిదే. అది రాయి మీద గీసుకుపోతుందే గాని వంగదు.

లోపల ఉక్కు ఇరుసు, దాని మీద బేరింగులు, దుమ్ము దూరకుండా రబ్బరు సీళ్లు. కొనేటప్పుడు చాలామంది పెడల్‌ను వేలితో తిప్పి, బొంగరంలా తిరిగితే మెచ్చుకుంటారు. పొరపాటు. కొత్త పెడల్ నిండు గ్రీజుతో, బిగువైన సీళ్లతో నిదానంగానే తిరగాలి. చూడాల్సింది పక్కలకు ఊగుతుందా అని. గ్రీజు సంగతి కొండల సైకిలు పుట్టుకలోనే ఉంది. 1976లో కాలిఫోర్నియా కొండల్లో పాత బరువు సైకిళ్ల మీద దిగుడు పందేలు పెట్టుకున్న కుర్రాళ్లకు, కిందికి చేరేసరికి వెనక హబ్బులో గ్రీజు పొగైపోయేది, విప్పి మళ్లీ కూరాల్సి వచ్చేది. ఆ తొవ్వకు ‘రీప్యాక్’ అని పేరు పడింది అందుకే.

కాలితొక్కుడు సైకిలుకే పరిమితం కాదు, నేత ఊరు సిరిసిల్లకూ అది కొత్త కాదు. మరమగ్గాలు రాకముందు గుంటమగ్గం మీద నేతకారుడి పాదాలే పడుగును రెండుగా విడదీసేవి, ఆ సందులోంచి నాడె పరుగెత్తేది. అక్కడ తొక్కే కర్ర నున్నగా ఉండాలి, వట్టి పాదం ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి రోజంతా జరగాలి కదా. ఇక్కడ ముళ్లుండాలి. పాదం ఏ పని మీద ఉందో తెలుసుకున్నవాడే తొక్కుడుకర్ర చేసినా, పెడల్ చేసినా.

చివరిగా మరల సంగతి. కుడి పెడల్ మర మామూలుదే, ఎడమది తిరగబడ్డది. పిడికిలిని వదులుగా ముడిచి పెన్సిల్ దూర్చి, దాని కొసను గుండ్రంగా తిప్పండి. పెన్సిల్ తనచుట్టూ తాను ఎదురు దిక్కున దొర్లుతుంది. తొక్కుడు బరువుకు ఇరుసూ తన గుంతలో అట్లాగే దొర్లాలని చూస్తుంది. ఆ దొర్లుడు బిగింపు వైపుకే ఉండేట్టు మరలు కోశారు. ఏ వైపైనా పదిహేను నంబరు పానా తగిలించి, పైకొసను ముందుచక్రం వైపు తిప్పితే బిగుస్తుంది, వెనక్కి తిప్పితే వదులుతుంది. ముందు మరకు గ్రీజు రాసి, రెండు మూడు చుట్లు వేళ్లతోనే తిప్పాలి.

మొన్న వానాకాలం పోయాక నా పెడళ్లు విప్పాను. ఏడాది తొక్కుడుకు ఎంత బిగుసుకున్నాయంటే పానాకు ఇనుప గొట్టం తొడిగి మీద నిలబడాల్సి వచ్చింది. ఒక్కసారి కిర్రుమంది. ఆ తర్వాత వేళ్లతోనే తిరిగి వచ్చేసింది. మర మీద పోయినేడు రాసిన గ్రీజు, నల్లబడి, ఇంకా తడిగానే ఉంది.